ప్లగ్గు పట్టింది, హార్డ్ డిస్క్ పోయింది

ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌లోని భాగాలన్నిటికీ కరెంటిచ్చే పెట్టె) పాడైతే కొత్తది కొంటారు. పాతది మాడ్యులర్ రకమైతే, అంటే కేబుళ్లు పెట్టె నుంచి కూడా ఊడి వచ్చేదైతే, ఆ కేబుళ్లు అప్పటికే కేసు వెనక నీటుగా కట్టి ఉంటాయి. వాటన్నిటినీ విప్పి మళ్లీ లాగడం పెద్ద పని కాబట్టి చాలామంది పాత కేబుళ్లను అలాగే ఉంచి, కొత్త ఎస్‌ఎంపీఎస్‌కు గుచ్చేస్తారు. ప్లగ్గులు చక్కగా పడతాయి. క్లిప్పు టిక్కుమని పట్టుకుంటుంది. ఎక్కడా బలం పెట్టాల్సిన పని కూడా ఉండదు. పవర్ బటన్ నొక్కితే ఫ్యాను ఒక్క చుట్టు తిరిగి ఆగిపోతుంది. లేదా కంప్యూటర్ మామూలుగానే ఆన్ అవుతుంది గానీ హార్డ్ డిస్క్ కనిపించదు, కేసు దగ్గరికి వంగితే కాలిన వాసన వస్తుంది. కంప్యూటర్ సొంతంగా బిగించుకునేవాళ్లకు ఇంతకంటే ఖరీదైన పొరపాటు అరుదు. ఏదో ఒక్క పార్టు పోయి ఆగదు, ఆ కేబుల్‌కు తగిలించిన డ్రైవులన్నీ ఒకేసారి పోవచ్చు.

కేబుల్‌కు రెండు కొసలుంటాయి. డ్రైవుకు తగిలే కొస ఎలా ఉండాలో ప్రమాణం ఉంది. డ్రైవులకు వాడే సాటా రకం పవర్ ప్లగ్గులో 15 పిన్లు, మూడేసి చొప్పున ఐదు గుంపులు: మొదటి మూడు 3.3 వోల్టులు, తర్వాత మూడు గ్రౌండు (కరెంటు తిరిగి వెళ్లే దారి), మధ్య మూడు 5 వోల్టులు, మళ్లీ మూడు గ్రౌండు, చివరి మూడు 12 వోల్టులు. ఏ కంపెనీ చేసినా ఇదే వరుస. ఎస్‌ఎంపీఎస్‌కు తగిలే రెండో కొసకు మాత్రం అలాంటి ప్రమాణమేదీ లేదు. ఇంటెల్ విడుదల చేసే ఏటీఎక్స్ (డెస్క్‌టాప్ బోర్డులకు, ఎస్‌ఎంపీఎస్‌లకు ఉన్న ప్రమాణం) డిజైన్ గైడు మదర్‌బోర్డు వైపు, డ్రైవు వైపు ప్లగ్గుల గురించి వివరంగా చెబుతుంది. పెట్టె వైపు సాకెట్టులో ఏ పిన్ను ఏమివ్వాలన్నది తయారీదారు ఇష్టం. అయినా చాలా కంపెనీలు వాడేది ఇంచుమించు ఒకే రకం ప్లాస్టిక్ ప్లగ్గు. ఒక కంపెనీ 12 వోల్టులు ఇచ్చే చోట ఇంకో కంపెనీ 5 వోల్టులు ఇస్తుంది. ఒకే కంపెనీవే రెండు సిరీస్‌లు తీసుకున్నా ఈ తేడా ఉండొచ్చు. పెట్టె మీది పేరు కలిసింది కదా అని కూడా నమ్మడానికి లేదు.

తప్పు కేబుల్ వల్ల 5 వోల్టుల దారిలోకి 12 వోల్టులు వచ్చాయనుకుందాం. 3.5 అంగుళాల హార్డ్ డిస్క్‌కు రెండు వోల్టేజీలూ కావాలి. పళ్లాలను తిప్పే మోటారుకు 12, చిప్పులకు 5. డ్రైవు అడుగున ఉండే పచ్చ బోర్డును చూస్తే, పవర్ ప్లగ్గుకు దగ్గర్లో కొన్ని మిల్లీమీటర్ల సైజున్న నల్లటి డయోడ్లు సాధారణంగా రెండు కనిపిస్తాయి, ఒక్కో వోల్టేజీకి ఒకటి. టీవీఎస్ డయోడ్లంటారు. వోల్టేజీ హద్దులో ఉన్నంతసేపు అవి ఉన్నా లేనట్టే. 5 వోల్టుల దారిలో ఉన్న డయోడు 6, 7 వోల్టుల మధ్య ఎక్కడో తెరుచుకుని, అదనంగా వచ్చిన కరెంటును గ్రౌండుకు మళ్లిస్తుంది. ఇదంతా సెకనులో వెయ్యోవంతు కూడా నిలవని చిన్న చిన్న పోట్ల కోసం పెట్టిన ఏర్పాటు. ఇక్కడ వచ్చింది పోటు కాదు, ఆగకుండా పారే సరఫరా. 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ 12 వోల్టుల మీద 45 ఆంపియర్ల దాకా ఇవ్వగలదు. ఆ కరెంటుకు డయోడు క్షణంలో వేడెక్కి, ఎక్కువ సందర్భాల్లో లోపల కరిగి, పూర్తి షార్టుగా మారిపోతుంది.

అలా షార్టయితే ఒక రకంగా అదృష్టమే. ఎస్‌ఎంపీఎస్ షార్టును పసిగట్టి ఆగిపోతుంది. ఫ్యాను ఒక్క చుట్టు తిరిగి ఆగడానికి కారణం ఇదే. డయోడు తాను పోయి వెనకున్న చిప్పుల్ని కాపాడి ఉండొచ్చు. అలా కాకుండా డయోడు పగిలి తెగిపోతే 12 వోల్టులు తిన్నగా లోపలికి వెళ్తాయి: మోటారు కంట్రోలరు, మెయిన్ చిప్పు, అక్కడి నుంచి మూసి ఉన్న డబ్బాలో, డేటా చదివే రీడ్ హెడ్ల దగ్గరుండి వాటి సిగ్నల్‌ను పెంచే ప్రీయాంప్ చిప్పు దాకా. ప్రీయాంప్ పోయిందంటే బయటి బోర్డు మార్చినా లాభం లేదు. దుమ్ము లేని గదిలో డబ్బా తెరిచి హెడ్లు మార్చాల్సిందే.

ఎస్‌ఎంపీఎస్ డబ్బా మీద ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్షన్, ఓవర్ కరెంట్ ప్రొటెక్షన్, షార్ట్ సర్క్యూట్ ప్రొటెక్షన్ అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. అన్ని రక్షణలున్నా డ్రైవు ఎలా కాలిందని చాలామందికి అనుమానం. ఆ రక్షణలన్నీ ఎంత అన్నదే చూస్తాయి, ఎక్కడికి అన్నది చూడవు. 12 వోల్టుల దారిలో 12 వోల్టులే ఉన్నాయా? ఉన్నాయి. కరెంటు హద్దు దాటిందా? లేదు. ఎస్‌ఎంపీఎస్ దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది. ఆ 12 వోల్టులు కేబుల్ చివర ఏ చిప్పు నెత్తిన పడుతున్నాయో తెలుసుకునే మార్గం దానికి లేదు. చిన్న ఎస్‌ఎస్‌డీ ఒకటి కాలిపోతూ అదనంగా లాగే రెండు మూడు ఆంపియర్లు 45 ఆంపియర్ల లెక్కలో ఏ మూలకూ రావు. అందుకే వైరింగ్ తప్పుల్లో పూర్తి షార్ట్ సర్క్యూట్ కంటే తప్పు వోల్టేజీ ఎక్కువ నష్టం చేస్తుంది. షార్టయితే చప్పున ఆగిపోతుంది. తప్పు వోల్టేజీ అయితే పార్టు కాలేదాకా సరఫరా సాగుతూనే ఉంటుంది.

మొదటి నష్టం జరిగాక రెండోది కూడా తరచుగా జరుగుతుంది. డ్రైవు కనిపించకపోతే ఎవరికైనా ముందు అనుమానం డ్రైవు మీదికే పోతుంది. కేబుల్ నిన్నటిదాకా పని చేసింది, ఎస్‌ఎంపీఎస్ కొత్తది, కాబట్టి డ్రైవే పోయి ఉంటుంది అనుకుంటారు. టెస్ట్ చేద్దామని ఇంకో డ్రైవు తెచ్చి అదే ప్లగ్గుకు పెడతారు. అదీ పోతుంది. టెన్షన్‌లో బ్యాకప్ ఉన్న డ్రైవునే టెస్టుకు పెట్టేవాళ్లూ ఉన్నారు, ఫైళ్లు కనీసం అందులోనైనా ఉన్నాయో లేదో చూసుకోవాలన్న ఆత్రంలో. కేబులూ పాడవలేదు, ఎస్‌ఎంపీఎసూ పాడవలేదు, దేనికది బాగానే ఉంది, రెండూ కలవకూడదంతే అన్న ఆలోచన ఆ సమయంలో తట్టదు. దేన్ని విడిగా పరీక్షించినా తప్పు దొరకదు మరి.

ఆకారం మీద నమ్మకం

కంప్యూటర్ ప్లగ్గుల్లో ఆకారమే కాపలా. సరైన చోట తప్ప ఇంకెక్కడా పట్టకూడదు, తిరగేస్తే అసలే పట్టకూడదు అన్న ఆలోచనతో వాటిని తయారు చేస్తారు. ఈ జాగ్రత్త మొదట్లో లేదు. 1980ల పీసీల్లో మదర్‌బోర్డుకు కరెంటిచ్చేవి పక్కపక్కన పెట్టే రెండు ప్లగ్గులు, పీ8, పీ9. రెండూ ఒకేలా ఉంటాయి, తారుమారు చేసి పెట్టినా పడతాయి. అలా పెడితే గ్రౌండు ఉండాల్సిన పిన్ల మీదికి 5 వోల్టులొచ్చి బోర్డు పోయేది. రెండు ప్లగ్గుల నల్ల వైర్లూ మధ్యలో కలవాలి అన్నదొక్కటే గుర్తు. అప్పటి టెక్నీషియన్లు 'నలుపు పక్కన నలుపు' అనుకుంటూ పెట్టేవారు. 1995లో ఏటీఎక్స్ వచ్చాక ఆ రెండూ కలిసి క్లిప్పు ఉన్న ఒకే 20 పిన్ల ప్లగ్గు అయ్యాయి, తర్వాత 24 పిన్లయ్యాయి. ఆ ప్లగ్గును ముందు నుంచి చూస్తే కొన్ని గూళ్లు చతురస్రంగా, కొన్ని మూలలు కోసినట్టు ఉంటాయి. తిరగేసి పెట్టకుండా ఆపేది ఆ తేడానే.

ఒకే ఆకారానికి ఎక్కడైనా ఒకే వైరింగ్ ఉంటేనే ఈ కాపలాకు అర్థం. ఆ ఒప్పందాన్ని తయారీదారులే చాలాసార్లు తప్పారు. 1990ల చివర్లో డెల్ తన డెస్క్‌టాపుల్లో ఏటీఎక్స్ ఆకారపు ప్లగ్గునే వాడుతూ లోపలి వైర్ల వరుస మాత్రం మార్చేసింది. ఆ కంప్యూటర్‌కు మామూలు ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ కొని పెడితే ప్లగ్గు ఇబ్బంది లేకుండా పడేది, ఆ తర్వాత బోర్డో ఎస్‌ఎంపీఎసో పోయేది. ఇప్పటి మాడ్యులర్ కేబుళ్ల గొడవ కూడా అదే జాతిది. దీన్ని వాడేవాళ్ల అజాగ్రత్త కింద రాసేయడం అన్యాయం. పట్టకూడని ప్లగ్గు పట్టేలా చేసినవాళ్ల తప్పు అందులో ఎక్కువ. పెట్టె వైపు సాకెట్టుకు కూడా ఒక వరుస ఒప్పుకోవడం ఈ పరిశ్రమకు సాంకేతికంగా ఏమంత కష్టం కాదు.

ఆకారం ఆపినా బలం వాడి దాటేసే సందర్భాలూ ఉన్నాయి. ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్ల ప్లగ్గూ, గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే 8 పిన్ల ప్లగ్గూ దూరం నుంచి కవలల్లా కనిపిస్తాయి. మొదటిదాంట్లో నాలుగు 12 వోల్టులు, నాలుగు గ్రౌండ్లు. రెండోదాంట్లో మూడు 12 వోల్టులు, మిగతా ఐదు గ్రౌండు వైపువి. పైగా ఒకదాంట్లో 12 వోల్టులున్న వరుసలో రెండోదాంట్లో గ్రౌండు ఉంటుంది. గూళ్ల ఆకారం తేడాగా ఉంటుంది కాబట్టి మామూలుగా పట్టవు, కానీ కేసు మూలలో చెయ్యి దూరని చోట, కనిపించని చోట, 'కొత్తది కదా, బిగుతుగా ఉంది' అనుకుని నొక్కితే ప్లాస్టిక్కు లొంగుతుంది. పాత డ్రైవుల నాలుగు పిన్ల మోలెక్స్ ప్లగ్గు ఇంకా అధ్వానం. రెండు మూలలు కోసి ఉండటమే దాని రక్షణ. వాడి వాడి ప్లాస్టిక్కు సాగాక తలకిందులుగా కూడా దూరుతుంది. మధ్య రెండూ గ్రౌండ్లే కాబట్టి షార్టవదు. 12, 5 వోల్టులు మాత్రం చోటు మారతాయి.

రంగులైనా కాపాడేవి ఒకప్పుడు. పసుపు 12, ఎరుపు 5, నారింజ 3.3, నలుపు గ్రౌండు. పాత ఎస్‌ఎంపీఎస్ వైర్లను చూస్తే ఏ పిన్నుకు ఏం వస్తుందో కంటికే తెలిసిపోయేది. అద్దాల కేసులొచ్చాక రంగురంగుల వైర్లు మోటుగా కనిపిస్తున్నాయని అన్నిటినీ నలుపు చేసేశారు. అందంగానే ఉంటాయి. తప్పు జరిగితే కనిపెట్టడానికి ఉన్న ఏకైక ఆనవాలు కూడా పోయింది.

మదర్‌బోర్డు అంచున ఉండే హెడర్ల (కేబుళ్లు గుచ్చే పిన్ల గుంపుల) సంగతీ ఇంతే. ముందు వైపు యూఎస్‌బీ పోర్టుల కోసం తొమ్మిది పిన్ల హెడరుంటుంది, పది చోట్లలో ఒకటి ఖాళీ. కొన్నేళ్ల కిందటి బోర్డుల్లో ఫైర్‌వైర్ (యూఎస్‌బీ లాంటి ఇంకో రకం కనెక్షన్) హెడరు కూడా అచ్చం అలాగే, అదే ఖాళీ చోటుతో, తరచుగా దాని పక్కనే ఉండేది. యూఎస్‌బీకి గ్రౌండయిన పిన్లలో ఫైర్‌వైర్‌కు 12 వోల్టులు. తప్పు హెడరుకు గుచ్చి పెన్ డ్రైవు పెడితే పెన్ డ్రైవు పోతుంది, ఒక్కోసారి పోర్టు కూడా. బోర్డు మాన్యువళ్లలో దీని గురించి ప్రత్యేకంగా హెచ్చరిక వేసేవారంటే ఎంత తరచుగా జరిగేదో ఊహించవచ్చు. ఇప్పుడు ఫైర్‌వైర్ పోయింది, ఆ స్థానంలో లైట్ల హెడర్లొచ్చాయి. రంగులు మారే లైట్ల మామూలు ఆర్‌జీబీ హెడరు 12 వోల్టులది, ఒక్కో లైటు రంగును విడిగా మార్చగల అడ్రెసబుల్ రకం 5 వోల్టులది. 5 వోల్టుల లైటు పట్టీని 12 వోల్టుల హెడరుకు పెడితే ఒక్క మెరుపుతో సరి.

ఒక యూఎస్‌బీ-సీ కేబుల్

పైన చెప్పినవాటిలో తప్పు పెట్టే చేతిలో ఉంది, లేదా రెండు వస్తువుల మధ్య ఉంది. కేబుల్ ఫ్యాక్టరీలోనే తప్పుగా పుడితే? 2016 ఫిబ్రవరిలో గూగుల్ ఇంజినీరు బెన్సన్ లియంగ్‌కు ఎదురైంది అదే. యూఎస్‌బీ టైప్-సీ కేబుళ్లలో చాలావి ప్రమాణాల ప్రకారం లేవని గమనించి, అంతకు కొన్ని నెలల ముందు నుంచి ఆయన ఆన్‌లైన్‌లో దొరికే కేబుళ్లు కొని పరీక్షించి, రివ్యూలు రాస్తున్నారు. వాటిలో ఒకటి, ఒక కొస టైప్-ఏ, ఇంకో కొస టైప్-సీ ఉన్నది, తగిలించగానే ఆయన క్రోమ్‌బుక్ పిక్సెల్ ల్యాప్‌టాప్ రెండు టైప్-సీ పోర్టులూ పనికి రాకుండా పోయాయి. కొలవడానికి వాడుతున్న పరికరాలూ పాడయ్యాయి. విప్పి చూస్తే లోపల 5 వోల్టుల వైరూ గ్రౌండు వైరూ తారుమారై ఉన్నాయి. హైస్పీడు డేటాకు కావలసిన వైర్లు అసలు లేనేలేవు.

అదే కేబుల్‌లో ఇంకో తప్పు కూడా ఉంది. అది పొగ తెప్పించే రకం కాదు గానీ, అప్పట్లో చాలా కేబుళ్లలో ఉండేది. టైప్-సీ కొసలో ఒక చిన్న రెసిస్టరు ఉంటుంది. ఎంత కరెంటు లాగవచ్చో ఫోనుకు చెప్పేది అదే. పాత టైప్-ఏ పోర్టుకు తగిలే కేబుల్‌లో అది 56 కిలో ఓమ్‌లు ఉండాలి, మామూలు యూఎస్‌బీ కరెంటే దొరుకుతుంది అని దాని అర్థం. ఆ కేబుల్‌లో ఉన్నది 10 కిలో ఓమ్‌లు. అంటే 3 ఆంపియర్లు లాక్కోవచ్చని ఫోనుకు అబద్ధం చెప్పినట్టు. అవతలున్న పోర్టు అంత ఇవ్వలేనిదైతే వేడెక్కేది ఆ పోర్టే. లియంగ్ ల్యాప్‌టాప్ పోయిన కొన్ని వారాలకే, మార్చి నెలలో, అమెజాన్ తన సైట్లో ప్రమాణాలకు సరిపోని టైప్-సీ కేబుళ్ల అమ్మకాన్ని నిషేధించింది. యూఎస్‌బీ ప్లగ్గుకు లోకమంతా ఒకే ఆకారం, ఒకే వరుస ఉన్నాయి, పకడ్బందీ ప్రమాణం కూడా ఉంది. వీటిలో ఏదీ కేబుల్ లోపల వైర్లు అతికించిన చేతిని ఆపలేకపోయింది. బయటి నుంచి చూసి ఆ తప్పును పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

తక్కువ వోల్టేజీలోనూ చిప్పుకు ప్రాణాపాయమే

ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లలో తేడా 5కూ 12కూ మధ్య. రాస్ప్‌బెర్రీ పై, ఆర్డుయినో లాంటి చిన్న బోర్డులతో పని చేసేవాళ్లకు 3.3కూ 5కూ మధ్య ఉన్న తేడా చాలు. రాస్ప్‌బెర్రీ పై మీద 40 పిన్ల వరుసలో ఒకటో పిన్ను 3.3 వోల్టులు, దాన్ని ఆనుకునే ఉన్న రెండో పిన్ను 5 వోల్టులు. సిగ్నల్ పిన్లన్నీ 3.3 వోల్టులవి, 5 వోల్టులు తట్టుకోవు. ఆర్డుయినో ఉనో సిగ్నళ్లు 5 వోల్టులవి. రెండిటినీ వైరుతో తిన్నగా కలిపితే అప్పటికి బాగానే పని చేసినట్టు ఉంటుంది కూడా. మోసమంతా అందులోనే ఉంది.

చిప్పు ప్రతి పిన్ను దగ్గరా లోపల చిన్న రక్షణ డయోడ్లుంటాయి. పిన్ను మీది వోల్టేజీ చిప్పు సరఫరా కంటే 0.6 వోల్టుల దాకా పెరిగిందంటే ఆ డయోడు తెరుచుకుని కరెంటును చిప్పు పవర్ దారిలోకి తోసేస్తుంది. ఇవి చేతి నుంచి వచ్చే స్టాటిక్ కరెంటు కోసం పెట్టినవి, మిల్లీ ఆంపియర్లలో కూడా ఎంతోసేపు మోయలేవు. ఇంకో ప్రమాదం లాచప్. సీమాస్ చిప్పుల (ఇప్పటి చిప్పులు దాదాపు అన్నీ ఈ రకమే) నిర్మాణంలోనే, ఎవరూ కావాలని పెట్టకపోయినా, పవర్‌కూ గ్రౌండుకూ మధ్య ఒక స్విచ్చులాంటి మార్గం ఏర్పడి ఉంటుంది. మామూలుగా మూసే ఉంటుంది. పిన్నులోకి తప్పు దిశలో తగినంత కరెంటు దూరితే తెరుచుకుంటుంది, ఆ తప్పు సిగ్నల్‌ను తీసేసినా మళ్లీ మూసుకోదు. పవర్ ఆపేదాకా చిప్పు తనను తాను వేడి చేసుకుంటూనే ఉంటుంది. వెంటనే ప్లగ్గు పీకినవాళ్ల చిప్పు బతకొచ్చు. 'ఎందుకు వేడెక్కుతోంది' అని వేలు పెట్టి చూస్తూ నిలబడ్డవాళ్లది బతకదు.

సీరియల్ పోర్టు కూడా ఇలాగే ముంచుతుంది. ఆర్‌ఎస్-232 అన్న పాత పోర్టు సిగ్నళ్లు గ్రౌండుకు పైనా కిందా 3 నుంచి 15 వోల్టుల దాకా ఊగుతాయి. రౌటర్ల లోపల, చిన్న బోర్డుల మీద కనిపించే సీరియల్ పిన్లు 3.3 వోల్టులవి. రెండిటినీ సీరియల్ అనే అంటారు, వాటి మీద నడిచే డేటా పద్ధతి కూడా ఒకటే. మధ్యలో వోల్టేజీ మార్చే చిప్పు పెట్టకుండా కలిపితే బోర్డుకు మైనస్ 10, ప్లస్ 10 వోల్టులు తగులుతాయి.

గ్రౌండు వైరు ఊడిపోవడం కూడా వైరింగ్ తప్పే, కానీ దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. వైరు ఎక్కువైతే భయపడతారు గానీ, ఒకటి తక్కువైతే మహా అయితే పని చేయదులే అనుకుంటారు. కరెంటు ఎలాగైనా తిరిగి వెళ్లాలి. అసలు దారి తెగితే డేటా వైర్ల గుండా, రక్షణ డయోడ్ల గుండా దారి వెతుక్కుంటుంది. అందుకే యూఎస్‌బీ టైప్-ఏ ప్లగ్గులో పవర్, గ్రౌండు రేకులు డేటా రేకుల కంటే కాస్త ముందుకు ఉంటాయి. దూర్చేటప్పుడు ముందు అవి తగలాలి, తీసేటప్పుడు చివర్లో వదలాలి. సాటా ప్లగ్గులోనూ గ్రౌండు పిన్లు కొన్ని పొడుగ్గా ఉండేది ఇందుకే. జంపర్ వైర్లు ఒక్కొక్కటిగా గుచ్చే చోట అలాంటి ఏర్పాటేమీ ఉండదు కాబట్టి గ్రౌండును అందరికంటే ముందు పెట్టడం, చివర తీయడం చేత్తోనే చేసుకోవాలి.

అడాప్టర్ల సంగతి పొడిగించాల్సిన పని లేదు. 5.5 మిల్లీమీటర్ల గుండ్రటి పిన్ను 5, 9, 12, 19 వోల్టుల అడాప్టర్లన్నిటికీ ఉంటుంది, ప్లస్ లోపలుండొచ్చు, బయటుండొచ్చు. లేబుల్ చదవకుండా పెట్టడమంటే చీటీ తీయడమే. నెట్‌వర్క్ కేబుల్ మీద వచ్చే కరెంటు విషయంలో పరిస్థితి మెరుగు. 2003 నాటి పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్‌నెట్) ప్రమాణం ప్రకారం నెట్‌వర్క్ స్విచ్చు ముందుగా తక్కువ వోల్టేజీతో తట్టి చూస్తుంది. అవతల 25 కిలో ఓమ్‌ల గుర్తు కనిపిస్తేనే 48 వోల్టుల దరిదాపుల్లో పంపుతుంది. ఇచ్చే ముందు అడిగే ఈ మర్యాద ఎస్‌ఎంపీఎస్‌కు లేనిది. అయితే పాసివ్ పీఓఈ పేరుతో అమ్మే చవక ఇంజెక్టర్లు (నెట్‌వర్క్ కేబుల్‌లోకి కరెంటు ఎక్కించే పెట్టెలు) ఏమీ అడక్కుండా 24 వోల్టులో 48 వోల్టులో తోసేస్తాయి, ప్లగ్గు మాత్రం అదే.

నిపుణులకు కూడా ఇది తప్పలేదు. 2020 నవంబరులో యూరప్ వేగా రాకెట్ కూలి స్పెయిన్, ఫ్రాన్స్ ఉపగ్రహాలు రెండు పోయాయి. నాలుగో దశ ఇంజిను ముక్కును తిప్పే యంత్రాలకు వెళ్లే కేబుళ్లు తారుమారయ్యాయని తేలింది. ఒక యంత్రానికి వెళ్లాల్సిన ఆదేశం ఇంకోదానికి వెళ్లింది. 2013 జులైలో రష్యా ప్రోటాన్ రాకెట్ లేచిన కొద్దిసేపటికే పల్టీ కొట్టి పడిపోయింది. రాకెట్ ఎంత వేగంగా పక్కకు తిరుగుతోందో చెప్పే సెన్సర్లు తలకిందులుగా బిగించి ఉన్నాయి. అలా బిగించకుండా ఆపడానికి గైడు పిన్నులు ఉన్నా, బలవంతంగా నొక్కి కూర్చోబెట్టిన ఆనవాళ్లు విచారణలో కనిపించాయి. మొదటిదాంట్లో తప్పు ప్లగ్గు కూడా పట్టింది, రెండోదాంట్లో పట్టకపోతే పట్టించారు. కంప్యూటర్ కేసు లోపల జరిగేవీ ఈ రెండు రకాలే.

కాలిపోయాక, కాలకముందు

డ్రైవు కాలిందని అనుమానం వస్తే మొదట చేయాల్సింది ఆ కేబుల్‌కు ఇంకేదీ తగిలించకుండా ఉండటం. హార్డ్ డిస్క్ బోర్డు మీద టీవీఎస్ డయోడు షార్టయిందో లేదో మల్టీమీటరుతో తెలుస్తుంది. పవర్ లేకుండా డయోడు రెండు కొసల మధ్య కొలిస్తే సున్నాకు దగ్గరగా చూపిస్తే అది పోయినట్టే. పోయింది అదొక్కటే అయితే, దాన్ని తీసేస్తే డ్రైవు తిరిగి లేచే అవకాశం ఉంది. అయితే అప్పుడు రక్షణ ఉండదు కాబట్టి సరైన వోల్టేజీ అని కొలిచి చూసుకున్న ప్లగ్గుకే పెట్టాలి, డేటా కాపీ చేసుకునేంతవరకే వాడాలి. అదే మోడల్ డ్రైవు నుంచి బోర్డు తెచ్చి మార్చేద్దామనేది పాత చిట్కా. ఇప్పటి డ్రైవుల్లో అది తిన్నగా పని చేయదు. ప్రతి డ్రైవుకూ ఫ్యాక్టరీలో చేసిన సర్దుబాట్లు బోర్డు మీది చిన్న మెమరీ చిప్పులో రాసి ఉంటాయి, ఆ చిప్పును కూడా పాత బోర్డు నుంచి కొత్తదానికి మార్చాలి. ఎస్‌ఎస్‌డీ అయితే కష్టం ఇంకా ఎక్కువ. చాలా కంట్రోలర్లు డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే రాస్తాయి కాబట్టి, కంట్రోలర్ పోతే మెమరీ చిప్పులు బాగున్నా వాటిని విడిగా చదివి లాభం ఉండదు.

ముందే చూసుకోవడానికి పట్టేది కొద్ది నిమిషాలే. కొత్త ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన కేబుల్, పాత కేబుల్ పక్కపక్కన పెట్టి, మల్టీమీటరును బజర్ మోడ్‌లో ఉంచి, పెట్టె వైపు ప్లగ్గులో ఏ పిన్ను డ్రైవు వైపు ఏ పిన్నుకు మోగుతోందో రెండిట్లోనూ చూస్తే చాలు. ఒక్క పిన్ను తేడా వచ్చినా ఆ కేబుల్ పనికి రాదు. కరెంటుతోనే కొలవాలనుకుంటే డ్రైవులు, బోర్డు అన్నీ విడదీసి, 24 పిన్ల ప్లగ్గులో పవర్ ఆన్ పిన్నును గ్రౌండుకు కలిపి ఎస్‌ఎంపీఎస్‌ను ఒంటరిగా నడిపించాలి. ఆ పిన్ను వైరు రంగుల కేబుల్‌లో ఆకుపచ్చ. ఇందుకోసమే తయారైన జంపర్ ప్లగ్గులు దొరుకుతాయి. 5 వోల్టుల చోట 4.75 నుంచి 5.25, 12 వోల్టుల చోట 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. సాటా ప్లగ్గులో సన్నటి రేకులకు మీటరు సూదులు ఆనించబోతే అవే జారి పక్క రేకును తాకి షార్ట్ చేయగలవు, కాబట్టి ఆ కేబుల్‌కు మోలెక్స్ ప్లగ్గు కూడా ఉంటే దాని మీద కొలవడం తేలిక. ఎస్‌ఎంపీఎస్‌ను పారేసేటప్పుడు దాని కేబుళ్లను కూడా దానితోపాటే పంపేయాలి. ఉంచుకోవాలనుకుంటే ఏ మోడల్‌వో రాసిన కాగితాన్ని పెట్టె వైపు కొసకు అంటించాలి, డ్రైవు వైపు కాదు.